పక్షుల జాడ నెఱిగిన వైద్యుడు – థామస్ జర్డను

మన దేశమున పిట్టల నెఱుగని బాలుడుగాని బాలికగాని యుండరు. తెల్లవాఱకముందే ఇంటికప్పుమీద అఱచు కాకియు, పెరటిచెట్టున కూయు కోకిలయు, దసరానాడు కనబడిన శుభమని పెద్దలు వెదకి చూపించు పాలపిట్టయు, చెఱువులో ఒంటికాలిమీద నిలిచి చేపకై కాచియుండు కొంగయు మనకు చిన్ననాటినుండి పరిచయమైనవే. కాని కంటికి కనబడుట వేఱు, తెలిసికొనుట వేఱు. ఏ పిట్ట ఎచ్చట గూడు కట్టును, ఏమి తినును, ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోవును, ఒకే రంగు గల రెండు పిట్టలలో ఏది ఏ జాతిది అను ప్రశ్నలు వేసినచో మనలో పెక్కుమంది నిరుత్తరులమగుదుము. నూట యెనుబది యేండ్ల క్రిందట ఈ ప్రశ్నలకు సమాధానములు ఒక్కచోట దొరకు పుస్తకమే లేదు. అట్టి పుస్తకమును వ్రాసి హిందూదేశపు పక్షిశాస్త్రమునకు పునాది వేసినవాడు థామస్ కావెర్‌హిల్ జర్డను అను వైద్యుడు. ఆయన కొంతకాలము మన నెల్లూరిలో ఉద్యోగము చేసెను. మన తెలుగుదేశపు కొండలలో నివసించు ఒక దుర్లభమైన పక్షి ఆయన పేర లోకమంతట ప్రసిద్ధి కెక్కినది. కావున ఆయన చరిత్రము మనము తెలిసికొనదగినది.

జర్డను 1811వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హము జిల్లాలో జన్మించెను. ఆయన తండ్రి ఆర్చిబాల్డు జర్డను స్కాట్లండు సరిహద్దున జెడ్‌బరో పట్టణ ప్రాంతపు గృహస్థుడు. బాలుడు 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. మొదట సాహిత్యము చదువుటకు పోయినవాడే కాని, రాబర్టు జేమ్సను అను ఆచార్యుని ప్రకృతిశాస్త్ర తరగతులకు పోవుటతో ఆయన మనస్సు జంతువులవైపునకు మరలెను. అచ్చట విద్యార్థులు ప్లీనియను సంఘమను పేర ఒక ప్రకృతిపరిశోధక సంఘమును నడుపుచుండిరి. చార్లెసు డార్విను కొంచెము ముందు దానిలో సభ్యుడుగా నుండెను. జర్డనుకూడ అందులో చేరెను. పిమ్మట వైద్యవిద్య నభ్యసించి, 1835లో తూర్పుఇండియా వర్తకసంఘమువారి కొలువున సహాయవైద్యుడుగా నియమింపబడి, 1836 ఫిబ్రవరి 21వ తేదీన చెన్నపట్టణమున ఓడ దిగెను. అప్పటికాయన వయస్సు ఇరువదినాలుగేండ్లు.

మొదటి ఉద్యోగము గంజాము ప్రాంతమున దొరకెను. అచ్చట సైనికులు జ్వరములతోను రక్తవిరేచనములతోను బాధపడుచుండిరి. పగలంతయు రోగులను చూచుటకే సరిపోవు ఆ పనిలో కూడ జర్డను తీరిక చిక్కించుకొని తూర్పుకనుమల పక్షులను సేకరింప నారంభించెను. 1837లో ఆయనను రెండవ అశ్వికదళమునకు వైద్యునిగా వేసిరి. ఆయన ఆ దళమును తిరుచిరాపల్లిలో కలిసికొని, దానితోకూడ దక్కనులోని జాల్నాకు పోయి సుమారు నాలుగేండ్లు అచ్చట నుండెను. ఆ కాలమున రైళ్లు లేవు. దండు కదలినప్పుడు గుఱ్ఱములమీదను కాలినడకను రోజునకు కొన్ని క్రోసుల చొప్పున నదులు దాటి, మెట్టలెక్కి, చెఱువుల ప్రక్కన గుడారములు వేసికొనుచు పోవలయును. ఇతరులకు బడలిక గలిగించు అట్టి ప్రయాణము జర్డనువంటి వానికి పాఠశాల యయ్యెను. ఈ కాలమున జనులు దుర్భిణులు పట్టుకొని, దారి చూపువారిని వెంటబెట్టుకొని, సెలవుదినములలో పక్షులను చూడ బోవుచున్నారు. జర్డనుకు అట్టి సెలవులు లేవు. ఆయన ఉద్యోగమే ఆయనను నదీతీరములకును పర్వతములకును త్రిప్పెను.

ఈ దినములలోనే ఆయనకొక పెద్ద నష్టము సంభవించెను. తాను సేకరించిన పక్షుల చర్మములను జాగ్రత్తగా కట్టి, వాని పేర్లు నిర్ణయించుటకై స్కాట్లండులోని యొక ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞునకు ఓడపై పంపెను. అవి అచ్చటికి చేరునప్పటికి పురుగు పట్టి పాడైపోయెను. మఱియొకడైనచో ఆ పని నంతటితో విడిచియుండును. జర్డను అట్లు చేయక, ఇకమీదట సీమలోని పండితుల తీర్పుకై కాచుకొనియుండక, తన కన్నులను తన పరిశీలనమును నమ్ముకొనవలెనని నిశ్చయించుకొనెను. తత్ఫలితముగా 1839, 1840 సంవత్సరములలో మద్రాసు సాహిత్యశాస్త్ర పత్రికలో దక్షిణహిందూదేశపు పక్షుల పట్టికను ప్రకటించెను. అందులో 420 జాతులు గలవు. అంతకు ముందు 1832లో కర్నలు సైక్సు దక్కను పక్షుల పట్టికను ప్రకటించియుండెను. జర్డను పట్టిక దానికి దాదాపు రెట్టింపయ్యెను. పురుగులు తినివేసిన పెట్టె ఆయనను స్వతంత్రుని గావించినదని చెప్పవచ్చును.

నీలగిరులు ఆయనకు ప్రియమైన చోటులలో నొకటి. ఆ పర్వతముల లోయలలో ఎల్లప్పుడును మంచుతో తడిసియుండు పొట్టిచెట్ల యడవులు గలవు. వానిని శోలాలందురు. మనుష్యుడు నవ్వినట్లు కూయు నీలగిరి నవ్వుపిట్టను, నీలవర్ణము గల నీలగిరి ఈగపట్టుపిట్టను శాస్త్రలోకమునకు మొదట వర్ణించి చెప్పినవాడు జర్డనే. ఈ పక్షులు మన దక్షిణపు కొండలలో తప్ప భూమిమీద మఱెచ్చటను లేవు. 1841లో ఆయన ఫ్లోరా మెక్లౌడు అను ఆమెను వివాహమాడెను.

పిమ్మట ఆయన నెల్లూరునకు సివిలు సర్జనుగా వచ్చెను. ఈ భాగము మనకు మిక్కిలి ముఖ్యమైనది. నెల్లూరు మండలమును చూచినవారికి అది పక్షులకు ఎట్టి విందో తెలియును. నడుమ పెన్నానది ప్రవహించుచున్నది. తూర్పున సముద్రపు టంచున ఉప్పుకయ్యలును, దక్షిణమున పులికాటు సరస్సును గలవు. ఎచ్చట చూచినను చెఱువులు, వానిక్రింద వరిచేలు. పడమట వెలుగొండలును, వానికావల కడప సీమయు. నీటిపిట్టలును కొండపిట్టలును ఒక్క మండలమునందే దొరకుట అరుదు.

అయినను పక్షులుండినంత మాత్రమున చాలదు. వాని జాడ చెప్పువారు వలయును. జర్డను అట్టివారిని యానాదులలో కనుగొనెను. నాడు చదువుకొన్నవారు యానాదులను అడవిమనుష్యులని చులకనగా చూచుచుండిరి. వారికి అక్షరము రాదు, నిజమే. కాని ఏ పొదలో ఏ పిట్ట గ్రుడ్లు పెట్టునో, ఏ పుట్టలో ఏ పాము నివసించునో, ఏ వేరు ఏ జబ్బునకు పనికివచ్చునో వారెఱిగినట్లు మఱియెవ్వరును ఎఱుగరు. పరీక్షలలో తేఱి, రాజ్యాధికారము గల దొరల కొలువున నున్న జర్డను వారియొద్ద జంతువుల సంగతులు అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడలేదు. వారు చెప్పిన దానిని విని, తన కన్నులతో చూచి సరిపోల్చుకొని, నిజమైనదానిని వ్రాసికొనెను. సర్ వాల్టరు ఇలియటు అను ఉద్యోగికూడ తెలుగుదేశపు జంతువుల పేర్లను, మొక్కల పేర్లను శ్రద్ధతో కూర్చుచుండెను. ఆయన స్నేహము జర్డనుకు మిక్కిలి తోడ్పడెను. అందువలననే జర్డను గ్రంథమున లాటిను పేర్ల ప్రక్కన పాలపిట్ట, పిగిలిపిట్ట మొదలయిన మన పేర్లు ఆంగ్లాక్షరములలో అచ్చుపడి నేటికిని కనబడుచున్నవి. వల విసరి పొట్టపోసికొను బీదవాని నోటిమాట ఆ విధముగా శాస్త్రగ్రంథమున చోటు సంపాదించుకొనెను.

కర్ణాటక మండలమున ఆయన చూచిన యొక వింత చెప్పదగినది. ఒక గ్రామపు నడుమ నున్న ఎత్తులేని చెట్లమీద గూడబాతులు మోటుగూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుచుండెను. చెట్లక్రింద మనుష్యులు తిరుగుచున్నను అవి లక్ష్యపెట్టలేదు. తరతరములనుండి అట్లే జరుగుచున్నదని గ్రామస్థులు ఆయనతో చెప్పిరి. పూర్వము నెల్లూరు మండలమునకు చెందిన నేలపట్టునందు గూడబాతులు ఈనాటికిని గూళ్లు కట్టుచున్నవి. 1976లో ఆ చోటును పక్షిసంరక్షణకేంద్రముగా నిర్ణయించిరి. జనులు కొట్టక తఱుమక యుండినచో పక్షి ఎంతకాలమైనను ఆ యూరిని నమ్ముకొనియుండునని దీనివలన తెలియుచున్నది.

నెల్లూరికి పడమటనున్న తూర్పుకనుమలలో ఆయన రెండు క్రొత్త పక్షులను సంపాదించెను. ఒకటి గొంతు పసుపుపచ్చగా నుండు పిగిలిపిట్ట. అది రాళ్లగుట్టలను విడిచి పోదు. రెండవది అంతకంటె విచిత్రమైనది. అది కౌజుపిట్టకంటె పొడవైన కాళ్లు గలిగి, ఎగురుటకంటె పరుగెత్తుటయే మేలని తలంచునట్టిది. ఱొమ్మున రెండు పట్టెలు రెండు హారములవలె నుండును. పలుచని ముళ్లపొదల నడుమ, రాతినేలమీద, మట్టిరంగులో కలిసిపోయి యుండును. కలివిపొదలలో తిరుగునది గనుక దీనిని కలివికోడి యందురు. అడవి ఉత్తతిత్తి యని మఱియొక తెలుగు పేరును గలదు. ఉత్తతిత్తి యనగా ఒట్టి సంచి. జర్డను పంపిన నమూనానుబట్టి కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలాధికారి ఎడ్వర్డు బ్లైతు 1848లో ఈ పక్షిని వర్ణించి ప్రకటించెను. ఇంగ్లీషున దీనికి జర్డను పేరే నిలిచినది. ఈ పక్షి కథ ఇంతటితో ముగియలేదు, తరువాత చెప్పెదము.

ఆ కాలమున పక్షులను ఫొటోగ్రాఫు తీయు వాడుక లేదు. రంగురంగుల పక్షిని మాటలతో వర్ణించినంతమాత్రమున చదువరికి తెలియదు. అందుచేత జర్డను దేశీయులైన చిత్రకారులచేత పక్షుల పటములు వ్రాయించి, ఏబది పటములతో ఒక గ్రంథమును 1843 మొదలు 1847 వఱకు భాగములుగా చెన్నపట్టణమున ప్రకటించెను. ఆ పటములలో పక్షులను చిత్రించిన నేర్పు మన చిత్రకారులది.

నెల్లూరునుండి ఆయన మలబారు తీరమున తలిచేరికి పోయెను. అచ్చటి వానలలోను పచ్చని యడవులలోను ఆయన దృష్టి చీమలవైపు మరలెను. ఇంటిగోడమీద ప్రాకు చీమను ఎవరు లెక్కచేయుదురు? ఆయన 1851లో దక్షిణహిందూదేశపు చీమలను గూర్చి ఒక పట్టికను ప్రకటించెను. పెద్దకన్నులు, పొడవైన దవడలు గలిగి మిడుతవలె గంతులు వేయు చీమను మొదట వర్ణించినది అందులోనే. నదులలోను చెఱువులలోను దొరకు మంచినీటి చేపలను గూర్చియు, పాములు బల్లులు మొదలగు ప్రాకుడు జంతువులను గూర్చియు కూడ ఆయన వ్రాసెను. ఒక్క మనుష్యుడు ఇన్నిటిని ఎట్లు చూచెనని ఆశ్చర్యము కలుగును. చిన్నదానిని చిన్నదని త్రోసివేయకపోవుటయే దానికి రహస్యము.

తరువాత జర్డను మధ్యహిందూదేశమున సాగరు దండునందు వైద్యుడుగా నుండెను. 1857లో దేశమంతట కలత పుట్టినప్పుడు ఆయన అచ్చటనే యుండెను. పిమ్మట ఆరోగ్యము చెడి సెలవు తీసికొని హిమాలయములలోని దార్జిలింగునకు పోయెను. రోగము మాన్పుకొనుటకు పోయినవాడు మంచుకొండల పక్షులను చూచి సేకరించుటలో మునిగెను. అటుపిమ్మట బర్మాకు బదిలీ యయ్యెను. అచ్చట ఐరావతీ నదీతీరమున థాయెట్మ్యో యను చోట, మనిషి యెత్తు పెరిగిన తుంగలోను ఱెల్లుగడ్డిలోను దాగియుండు ఒక గోధుమరంగు పిట్టను కనుగొని 1862లో వర్ణించెను. అదియు ఆయన పేరనే పిలువబడుచున్నది.

ఇన్నియేండ్ల శ్రమ కాగితపు కట్టలలోనే మిగిలిపోవలసినది. కాని ఆయన అదృష్టవశమున, అప్పటి గవర్నరు జనరలు కానింగు ప్రభువు ఆ పని విలువ నెఱిగి, ఆయనను మామూలు వైద్యోద్యోగమునుండి తప్పించి, హిందూదేశపు జంతువులను గూర్చి గ్రంథములు వ్రాయుటకే ప్రత్యేకముగా నియమించెను. అప్పటికి పక్షులను గూర్చిన విషయములు లండనులోను కలకత్తాలోను చెన్నపట్టణములోను వెలువడిన అనేక పత్రికలలో చెల్లాచెదరుగా నుండెను. అడవులలో పనిచేయు ఉద్యోగికిగాని, మారుమూల పల్లెలోనున్న ఉపాధ్యాయునికిగాని అవి దొరకవు. అట్టివారు ఒక్క పుస్తకము చేతబట్టుకొని ఏ పక్షినైనను గుర్తింపగలుగవలెనని జర్డను సంకల్పము. ఆ సంకల్పమే 1862 మొదలు 1864 వఱకు వెలువడిన హిందూదేశపు పక్షులను గ్రంథమయ్యెను. అందులో వేయికి పైగా జాతుల పక్షులు వర్ణింపబడినవి. రూపము, కొలతలు, నివసించుచోటు, ఆహారము, గూడు, గ్రుడ్లు, కూత, దేశభాషలలోని పేర్లు అన్నియు ఒక్కొక్కదానిక్రింద క్రమముగా చెప్పబడినవి. ఈ గ్రంథము చేతికి వచ్చినపిమ్మట దేశమున నలుమూలల పక్షులను పరిశీలించువారు బయలుదేరిరి.

ఇచ్చట ఒక మాట చెప్పుట న్యాయము. ఆ కాలపు శాస్త్రజ్ఞులందఱివలె జర్డనుకూడ పక్షిని తుపాకితో కొట్టి, చర్మము తీసి, కొలిచి చూచెడివాడు. నాడు అంతకంటె వేఱు మార్గము వారికి తోచలేదు. నేడు దుర్భిణియు, ఛాయాచిత్రయంత్రమును, కూతలను పట్టియుంచు యంత్రములును గలవు. కావున చంపక తెలిసికొనుట మనకు సాధ్యము. ఆయన శ్రద్ధను మనము తీసికొనవచ్చును, తుపాకిని విడువవచ్చును.

1867లో ఆయన హిందూదేశపు స్తన్యజంతువులను గూర్చి వేఱొక గ్రంథము ప్రకటించెను. 1868లో ఉద్యోగమునుండి విరమించెను. విరమించియు స్వదేశమునకు పోయి సుఖముగా కూర్చుండక, బ్రహ్మపుత్రానది యొడ్డున అస్సాములోని గౌహతికి పోయెను. అచ్చటి చిత్తడినేలలలో తిరుగుచుండగా తీవ్రమైన జ్వరము తగిలి, ఆయన దేహము మఱల కోలుకొనలేదు. 1870లో ఇంగ్లండునకు తిరిగిపోయి, 1872 జూను 12వ తేదీన లండను సమీపమున అప్పర్ నార్వుడులో అరువదియవ యేట మరణించెను. తలపెట్టిన గ్రంథములన్నియు పూర్తికాలేదు. కాని 1888 మొదలు బ్లాన్‌ఫర్డు సంపాదకత్వమున వెలువడిన బ్రిటిషు ఇండియా జంతుజాల గ్రంథమాలకు ఆయన వేసిన బాటయే ఆధారమయ్యెను.

ఇక కలివికోడి కథ. జర్డను తరువాత కొలదిమంది మాత్రమే దానిని చూచిరి. లండను మిషనుకు చెందిన హోవర్డు కాంబెలు అను పాదిరి 1900లో అనంతపురము ప్రాంతమున దానిని చూచెను. అంతటితో దాని జాడ పోయినది. వెదకినవారికి కనబడలేదు. అది నశించినదనియే పండితులు తలచిరి. ఎనుబదియాఱేండ్లు గడచినవి. 1980వ దశకమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు దానిని మఱల వెదకింప నారంభించిరి. ఆ సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ కడప మండలపు పల్లెలు తిరిగి, అడవి నెఱిగినవారిని విచారించెను. రెడ్డిపల్లె గ్రామమున ఐతన్న అను పిట్టలవేటగాడు ఆ పక్షిని తానెఱుగుదునని చెప్పెను. 1986 జనవరిలో ఒకరాత్రి అతడు దీపపు వెలుతురున ఒక కలివికోడిని పట్టి తెచ్చెను. అది రాత్రించరమైన పక్షి. పగటిపూట వెదకిన పండితులకు కనబడనిది, రాత్రిపూట అడవిలో తిరుగు వేటగానికి ఎన్నడును మాయమే కాలేదు! పట్టుపడిన పక్షి కొలదిదినములలో చనిపోయినను, ఆ జాతి బ్రతికియున్నదని లోకమునకు తెలిసినది. దానిని కాపాడుటకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము 1988లో ఏర్పడెను. తరువాత తెలుగుగంగ కాలువ దారినికూడ దానికొఱకు మార్చవలసివచ్చెను. నేటికిని అది భూమిమీద మిక్కిలి దుర్లభమైన పక్షులలో నొకటి. ఐరావతీతీరమున జర్డను కనుగొన్న గడ్డిపిట్టయు ఇట్లే 1941 తరువాత బర్మాలో కనబడక, పోయినదని తలపబడి, 2014లో మఱల దొరకెను.

చదువరులారా, ఈ కథలో గమనింపదగినది యొకటున్నది. 1840 ప్రాంతమున జర్డనుకు పిట్టల జాడ చెప్పినవారు చదువురాని యానాదులు. 1986లో పండితులకు కలివికోడిని చూపినవాడును పల్లెటూరి వేటగాడే. జర్డను పేర పక్షులు, పాములు, చీమలు ఎన్నియో గలవు; ఆయనకు దారి చూపినవారి పేర ఒక్క పిట్టయు లేదు. అయినను వారి మాటను విని వ్రాసియుంచినందువలననే ఆయన గ్రంథము నిలిచినది. ఆ మాటలు వ్రాయబడకుండ పోయిన చోట, అడవితోకూడ ఆ యెఱుకయు నశించినది.

మన తాతలు, పొలములో పనిచేయువారు, పశువులను కాయువారు, చెఱువులో వలవేయువారు ఇంకను అనేక పిట్టల పేర్లను అలవాట్లను ఎఱిగియున్నారు. వారు చెప్పునది పాఠ్యపుస్తకములలో లేదు. రాబోవు సెలవులలో మీ యూరి చెఱువుగట్టునకు పోయి, అచ్చటివారి నడిగి, ఒక్కొక్క పిట్ట పేరును, అది వచ్చు నెలను, అది గూడుకట్టు చెట్టును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. దానికి డబ్బు అక్కఱలేదు. ఓపికయు, అడుగుటకు సిగ్గుపడని మనస్సును చాలును. జర్డను ఎడింబరోనుండి తెచ్చుకొన్న విద్యకు పెన్నాతీరమున తోడైనవి ఈ రెండే.